చీల

ఫ్రిజ్ పిడి నా చేతిలోకే ఊడి వచ్చింది
పొద్దున ఐదున్నరకి,
బల్ల మీద పిల్లల టిఫిన్ డబ్బాలు నాలుగు
నోళ్లు తెరుచుకుని ఉండగా.

తప్పు నాదే.
పోయిన నెల కాస్త ఊగుతోందని
కూరగాయల కత్తి మొనతో నేనే బిగించాను.
బిగిసింది. నమ్మకం కుదరక
ఇంకొక్క చుట్టు అనుకున్నాను.
ఆ ఒక్క చుట్టుకే లోపల ఏదో
వేరుశనగ డొల్లలా చిట్లింది.
అప్పటినుంచి పై స్క్రూ
ఎటు తిప్పితే అటు తిరుగుతుంది,
దేన్నీ పట్టుకోదు.

జహ్రాలో ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్లు.
అకామా గడువు దగ్గరపడినప్పుడల్లా
ఫోన్‌లో చెల్లెలితో నేననే మాట కూడా
ఇంచుమించు అదే:
ఇంకొక్క రెండేళ్లే జైబూ.

మామా లేచేది పదింటికి.
ఈలోపు ఆ బొక్కలో ఏదో ఒకటి కుక్కాలి.
కాగితం మడిచి పెట్టాను, పిండయిపోయింది.
పుల్ల కావాలి.
ఇంత పెద్ద ఇంట్లో ఒక్క పుల్ల లేదు.
స్టవ్వు మీట నొక్కితే వెలుగుతుంది,
అగ్గిపెట్టె ఎందుకు?
చీపురు ప్లాస్టిక్కు. చెట్టూ ప్లాస్టిక్కే, హాల్లో.
గోడవతల ఇసుక.

గుమ్మం పక్క కుర్చీలో ఉమ్ సాలెం.
కళ్లకి ఎప్పుడో పొర కమ్మింది,
చెవులు మాత్రం పాము చెవులు.
"ఏం విరిగింది?"
"ఏం లేదు యుమ్మా."
"ఏం లేనిది అంత చప్పుడు చెయ్యదు."

చెప్పేశాను.
దానికి ఏం కావాలో మాత్రం చెప్పలేకపోయాను.
మా అబ్బ, పార కామ వదులైతే
చీల దిగ్గొట్టి రాత్రంతా తొట్టిలో నానేసేవాడు.
చీలని అరబ్బీలో ఏమంటారో
తొమ్మిదేళ్లలో నాకు అవసరం పడలేదు.
వేళ్లతో చూపించబోయి
ఆమెకి కనపడదని గుర్తొచ్చి,
ఆమె పిడికిలి అందుకుని
సందులో నా చూపుడు వేలు దిగేశాను.

ముసలి పిడికిలి
గట్టిగా మూసుకుంది.

"అయ్యో, అదా!
గుడారం మేకు ఇసుకలో నిలవకపోతే
మా అమ్మా పక్కన ఇంకోటి దిగేసేది"
అంటూ నోట్లోంచి మిస్వాక్ తీసి
నమలని కొసని పుటుక్కున విరిచి
చెయ్యి చాపింది.

నిలువునా మూడు పేళ్లు చీల్చాను.
డ్రైవర్ షఫీవుల్ కారు కడగడం ఆపి
బఖాలా నుంచి గమ్ము తెచ్చి
కిటికీలోంచే ఇచ్చాడు,
నూట యాభై ఫిల్సులు నా లెక్కలో రాసుకుని.
ముంచి, కుక్కి, మిగిలింది తుంచి,
ఇడ్లీ రెండు వాయిలు దిగేంతసేపు ఆగాను.
ఈ ఇంట్లో ఇడ్లీ లేదు.
కాలానికి నా కొలత ఇంకా అదే.

కింది స్క్రూకి మర మిగిలే ఉంది.
దాన్ని ముందు వెనక్కి తిప్పమన్నాడు షఫీవుల్.
బిగించడానికి వెనక్కెందుకు?
తిప్పాను.
టిక్కుమంది. పాత దారి అక్కడుంది.
ఇక కుడికి తిప్పితే
తనంతట తనే దిగింది.

పై దానికి పాత దారి లేదు.
పుల్లని కోసుకుంటూ కిర్రుమంటూ
కొత్త దారి చేసుకుంటోంది.
కిర్రు సన్నబడింది.
మణికట్టు ఇంకొక్క చుట్టు అడిగింది.

"బస్" అంది ఉమ్ సాలెం
కుర్చీలోంచి, తల తిప్పకుండా.

కత్తి కడిగి సొరుగులో పెట్టేశాను.

పదింటికి మామా వచ్చి
తలుపు లాగి, నీళ్లు తాగి,
తలుపు వేసి వెళ్లిపోయింది.
దగ్గరికెళితే పిడి దగ్గర కాస్త
మిస్వాక్ ఘాటు. అంతే.

రాత్రి జైబూ అడిగింది,
"అకామా వచ్చే నెలతో అయిపోతుందంటగా అక్కా?"
అలవాటైన మాట నాలుక మీద తిరిగింది,
తిరిగింది,
దేన్నీ పట్టుకోలేదు.
"చూద్దాంలే, చిన్నోడి దగ్గు తగ్గిందా?" అన్నాను.

రేపు బఖాలాకి పోయేవాళ్లెవరైనా ఉంటే
ముసలమ్మకి మిస్వాక్ చెప్పాలి.
పొట్టిదైపోయింది.